బోర్డుల వెనక నా కొడుకు

బుడ్డోడా! ఓ బుడ్డోడా!

పొద్దున్నే పొయ్యి రాజేస్తూ పిలుస్తాను. పలకవని తెలుసు. అయినా నోరు ఊరుకోదు. అంత ఎత్తు ఎదిగిన కొడుకును బుడ్డోడా అంటావేందని వాడలో అందరూ నవ్వేవాళ్ళు. వాడు మాత్రం ఎంతమంది ముందు పిలిచినా "ఆఁ అమ్మా" అని పలికేవాడు.

ఇది చదివేవాళ్ళకు ముందే చెబుతున్నాను. నా కొడుకు చచ్చిపోయాడు. కంది పూతకొచ్చిన రోజుల్లో, తాండూరులో ఒక గోదాము గోడ మీద పేరు రాస్తూ, ఎత్తున కట్టిన బల్ల మీది నుంచి కింద పడ్డాడు. వాడు బోర్డులు రాసే పెయింటరు. ఈ పత్రిక అట్ట మీద కొన్నాళ్ళు బొమ్మలు వేసింది వాడే. అందుకని పత్రిక నడిపే సారు నన్ను నాలుగు మాటలు రాయమన్నాడు. నేను చదివింది మూడో తరగతి. అది కూడా మరిచిపోతే వాడే మళ్ళీ నేర్పాడు. మా వాకిట్లో పరిచిన బండ మీద సుద్దతో జానెడు జానెడు అక్షరాలు రాసి దిద్దమనేవాడు. అందుకే నా రాత ఇప్పటికీ దుకాణం బోర్డు లెక్క ఉంటుంది. ఒక కాగితానికి నాలుగు మాటలే పడతాయి. ఇన్ని కాగితాలు విసుక్కోకుండా చదువుకుంటే అది సారు మంచితనం.

ఆ రోజు నేను వికారాబాదులో మా ఇంట్లోనే ఉన్నాను. అనంతగిరి గుట్ట మీది ఆసుపత్రిలో రోగులకు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళకు నేను జొన్నరొట్టెలు చేసి అమ్ముతాను. ఎన్నో ఏళ్ళుగా అదే నా బతుకు. పెనం మీద రొట్టె ఉంది. మా ఉస్తాద్ గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఉస్తాద్ అంటే నా కొడుకుకు కుంచె పట్టడం నేర్పిన సాయిబు. నన్ను చెల్లె అంటాడు, నేను అన్నా అంటాను. ఎప్పుడొచ్చినా వీధి మలుపు నుంచే "చెల్లె, చాయ్ పెట్టు" అని కేకేసే మనిషి ఆ రోజు చేతిలోది నా ముందుకు చాపాడు. అది మా టిఫిన్ డబ్బా. పొద్దుటి బండికి నా కొడుకు తీసుకుపోయిన డబ్బా.

కడుగుదామని చేతిలోకి తీసుకున్నాను. బరువుగా ఉంది. మూత తీస్తే నేను పెట్టిన రొట్టెలు, పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ ముక్క, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఇదేందన్నా, వాడు తినలేదా?" అన్నాను.

ఉస్తాద్ గడప మీదనే కూలబడ్డాడు. తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. "తినలేదు చెల్లె. ఇగ తినడు" అన్నాడు.

కళ్ళు తిరిగి పడ్డాడని కొందరన్నారు. బల్ల జారిందని కొందరన్నారు. నాకు తెలిసింది ఆ డబ్బా బరువు ఒక్కటే. గుట్ట మీద ఎవరెవరి పిల్లలో నా చేతి రొట్టె తిని లేచి నడిచి ఇంటికి పోయారు. నా కొడుకు ఖాళీ కడుపుతో బల్ల ఎక్కాడు. ఈ మాట ఎవరికి చెప్పుకోను? దేవుడికి చెబుదామంటే దేవుడి బొమ్మలు కూడా వాడు గీసినవే ఉన్నాయి మా ఇంట్లో. వాటివైపు చూడబుద్ధి కాదు.

వాడు ఈ పనిలో ఎట్లా పడ్డాడో చెబుతాను. జై తెలంగాణ కొట్లాట నడిచిన ఏడు బడులన్నీ మూతబడ్డాయి. వాళ్ళ నాయన రైలు పట్టాల గ్యాంగులో పని చేసి, అంతకు ముందే జ్వరంతో పోయాడు. నేను రొట్టెల గంప ఎత్తుకుని గుట్ట ఎక్కాలి. పిల్లవాణ్ణి ఎక్కడ వదలాలి? బజారులో ఉస్తాద్ దుకాణం ముందు నిలబడి అడిగాను.

"అన్నా, నేను తిరిగొచ్చేదాంక వీణ్ణి జర చూస్కుంటవా?"

"కూసోబెట్టి పో. డబ్బాలు తన్నకపోతె చాలు" అన్నాడు ఉస్తాద్.

సాయంత్రం వచ్చేసరికి వాడు డబ్బా తన్ననే తన్నాడు. పచ్చరంగు దుకాణమంతా పారింది. ఉస్తాద్ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, "చూడు చెల్లె నీ కొడుకు కథ! సేటు బోర్డుకు తెచ్చిన రంగు భూమికి తాపిండు" అన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. ఆయన కొట్టలేదు. కింద చూడమన్నాడు. ఒలికిన రంగులో వాడు వేలితో ఒక కోడిని గీశాడు, దాని వెనక పిల్లలను గీశాడు. ఒక పిల్ల వెనకబడిపోయి పరుగెత్తుతున్నది.

"గీ పిల్లను చూడు, ఎట్ల ఉరుకుతున్నదో" అన్నాడు ఉస్తాద్. "రేపు గూడ తోల్కరా."

బడులు మళ్ళీ తెరిచినా వాడు సగం మనసే అటు పెట్టాడు. పదో తరగతి అయిందనిపించి కుంచె పట్టాడు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు రాసేవాడు. తాండూరులో నేలకు పరిచే బండల కోసం కర్ణాటక లారీలు వస్తాయి కదా, వాళ్ళ కోసం కన్నడం కూడా నేర్చుకున్నాడు. దుకాణాల బోర్డులు, సినిమా హాలులో ఇంటర్వెల్లో వేసే అద్దం ముక్కల మీది ప్రకటనలు, లారీల వెనక నెమళ్ళు, ఎన్నికలొస్తే గోడల నిండా గుర్తులు. కూడు పెట్టింది ఆ పనే. కానీ వాడి పాణం ఉన్న పని వేరే.

ఆ పని మీకు కనబడదు. రేకు బోర్డు రాసేటప్పుడు తుప్పు పట్టకుండా ముందు వెనకా ఎర్రటి అడుగు రంగు కొడతారు. తర్వాత ముందువైపు దుకాణం పేరు రాస్తారు. వెనకవైపు ఎరుపు అట్లనే ఉంటుంది, గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. పని అయ్యాక డబ్బాల అడుగున కొంచెం కొంచెం రంగు మిగులుతుంది. ఉంచితే తెట్టు కట్టి పాడైపోతుంది. ఒకనాడు నా కొడుకు ఆ మిగులు రంగుతో బోర్డు వెనకవైపు బొమ్మ వేస్తానని అడిగాడట. ఉస్తాద్ "ముందర సేటుది. ఎనక నీది. పో" అన్నాడట.

అంతే. అప్పటి నుంచి వాడు రాసిన ప్రతి బోర్డు వెనకా వాడి సొంత బొమ్మ ఒకటి ఉంది. గొంగడి కప్పుకుని మేకల మధ్య నిలబడే నిద్రపోయే కాపరి. చేటలో కందులు చెరిగే ఆడమనిషి. పట్టాల పక్కన సంచి పరుచుకుని కూర్చున్న గ్యాంగు మనుషులు. పేరు రాసుకునేవాడు కాదు, తారీఖు వేసేవాడు కాదు. బోర్డును గోడకు బిగించి మేకులు కొట్టి వచ్చేసేవాడు.

"ఎవరికి కనబడనిది ఎందుకురా ఏసుడు?" అని అడిగాను.

"గోడ చూస్తది గదనే" అని నవ్వాడు.

ఎండాకాలం ఆదివారాలు ఇంకో ఆట ఉండేది. వాకిట్లో బండ మీద ఉత్త నీళ్ళలో కుంచె ముంచి బొమ్మ గీసేవాడు. బండ బూడిద రంగు, తడి తగిలితే నల్లబడుతుంది. "అమ్మా, బిరాన రా, ఎండ మింగుతది!" అని అరిచేవాడు. చేతి పిండి దులుపుకుని నేను వచ్చేసరికి తల మాయమై ఉండేది, కాళ్ళు మిగిలి ఉండేవి. ఎవరి బొమ్మ అంటే, "నువ్వే. నీ తలకాయ లేటయింది" అనేవాడు.

ఈమధ్య ఏళ్ళలో వాడికి కొత్త పిచ్చి పట్టింది. హైదరాబాదులో ఒక ఆఫీసుకు బోర్డు రాయడానికి పోయి, అక్కడ కంప్యూటర్ అనే పెట్టెను చూశాడు. అది నడిపే ఆయనతో స్నేహం చేసుకున్నాడు. పని లేని పూట ఆయన వీణ్ణి దాని ముందు కూర్చోనిచ్చేవాడు. ఇంటికి వచ్చాక గళ్ళ కాగితం పరుచుకుని ఒక్కొక్క గడీ నల్లగా నింపేవాడు.

"ఏందిరా ఇది, చెదలు పట్టినట్టు?"

"బొమ్మనేనమ్మా. ఆ పెట్టెకు గీత రాదు, చుక్కనే వస్తది. నువ్వు ముగ్గుకు పెడుతవ్ చూడు, గట్ల పెట్టుకుంట పోవాలె."

"మరి చుక్కలు కలిపేదెవరు?"

"చూసెటోళ్ళ కండ్లు కలుపుకుంటయి."

కొన్నాళ్ళకు ఆ పెట్టె అచ్చేసిన కాగితం ఒకటి తెచ్చాడు. రెండు అంచులకూ బొక్కలు, మధ్యలో నల్లనల్లటి చుక్కలు. నాకేమీ అర్థం కాలేదు. నా భుజాలు పట్టి వెనక్కి నడిపించి అవతలి గోడకు ఆనించాడు. అప్పుడు కనబడ్డాను. నేనే. తలకు కొంగు చుట్టుకుని పొయ్యి ముందు కూర్చున్నాను. దగ్గరికి పోతే చుక్కలయిపోతున్నాను, వెనక్కి జరిగితే నేను నేనవుతున్నాను. చాలాసేపు ముందుకూ వెనక్కూ తిరిగాను. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నాదెందుకురా, నీది ఏస్కోరాదు?" అన్నాను.

"ఏస్త తియ్. నేను యాడికి పోత?" అన్నాడు.

తిండి దగ్గరే వాడితో నాకు రోజూ కొట్లాట. పిలిస్తే రాడు. "పెయింటు ఆరిపోతదమ్మా, బువ్వ యాడికి పోతది?" అనేవాడు. ఎదురుగా కూర్చోబెట్టి తినిపిస్తే కూడా కళ్ళు ఎక్కడో గోడ మీద ఉండేవి. రొట్టె తుంచి చేతిలో పట్టుకుని మరిచిపోయేవాడు. "నోట్లె పెట్టుకోరా బుడ్డోడా, అది బొమ్మ కాదు" అనేదాన్ని.

ఇప్పుడు నాకు వచ్చిన కష్టం ఏమిటంటే, వాడి ముఖం జారిపోతున్నది. కన్నతల్లి ఇట్లా అనొచ్చునా అంటారేమో. నిజమే చెబుతున్నాను. గొంతు గుర్తుంది, వీపు గుర్తుంది, కుంచెలు కడిగే కిరోసిన్ వాసన గుర్తుంది. ముఖం తలుచుకుంటే ఒకరోజు కళ్ళు వస్తాయి, మూతి రాదు. పదో తరగతిలో తీయించిన చిన్న ఫొటో ఒకటి ఉంది. అందులో మీసం కూడా రాని పిల్లవాడు. పోయినవాడు వాడు కాదు. ఈ రెండు ఊళ్ళలో ఎవరు అడిగితే వాళ్ళ ముఖం గీసి ఇచ్చాడు. వాడి ముఖం గీసినవాళ్ళు ఒక్కరు లేరు.

ఒక్కరున్నారు. వాడే. చివరి ఆదివారం కుంచెలు కడుక్కుంటూ అన్నాడు, "నా బొమ్మ ఏస్కున్ననమ్మా, అద్దం పెట్టుకొని" అని.

"ఏదిరా? చూపియ్యి."

"తాండూరుల. బండల దుకాణం బోర్డెనక."

"అక్కడ ఎటు చూసినా బండల దుకాణాలే గదరా. ఏ దుకాణం?"

"దేవులాడుకో" అని ఏడిపించాడు. "మల్ల ఐతారం నేనే తోల్కపోత. నిచ్చెన ఎక్కుతవా?"

"నీ మొఖం చూసెతందుకు నిచ్చెనెందుకు? ఇట్ల కూసోని తిను, చూస్త" అన్నాను.

ఆ ఆదివారం రానే వచ్చింది. వాడు రాలేదు.

దినాలు అయ్యాక ఉస్తాద్‌ను అడిగాను. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతాయి, కుంచె నిలవదు. అయినా "పద చెల్లె" అన్నాడు. ప్యాసింజరు బండెక్కి తాండూరు పోయి ఒక్కో దుకాణం ముందూ నిలబడ్డాము. మొదట్లో నవ్వినవాళ్ళున్నారు. "బోర్డు దించితె దుకాణం లేపేసినమనుకుంటరమ్మా" అన్నాడొక బండల దుకాణం ఆయన. స్టేషను దగ్గరి చాయ్ హోటలు యజమాని, "ఎనకాల ఏముంటదమ్మా, బల్లిగుడ్లుంటయ్" అంటూనే నిచ్చెన వేసి దించాడు. తిప్పి చూశాడు. ఒక ముసలమ్మ కందులు చెరుగుతూ తల ఎత్తి నవ్వుతున్నది. ఆయన అరచేత్తో దాని మీది దుమ్ము తుడిచాడు. "మా అమ్మ... గిది మా అమ్మ" అన్నాడు. బోర్డు రాయించినప్పుడు ఆమె బతికే ఉందట, పోయి ఎన్నో ఏళ్ళయిందట. మేము ఉండగానే ఆ బోర్డును తిప్పి బిగించాడు. ఇప్పుడు ఆ హోటలుకు పేరు లేదు, ఆ ముసలమ్మే ఉంది.

ఆయన అదృష్టం చూసి నేను సంతోషపడాలి. నాకు ఏడుపొచ్చింది. అందరి అమ్మలూ దొరుకుతున్నారు, నా కొడుకు దొరకడా?

ఆ తర్వాత బజారులో మాట పాకింది. పెయింటరు తల్లి కొడుకు బోర్డులు చూస్తూ తిరుగుతున్నదని అందరికీ తెలిసింది, వెనక ఏం వెతుకుతున్నదో కొందరికి తెలియదు. మేము అడగకముందే దించడం మొదలుపెట్టారు. కొన్నిటి వెనక వాన నీళ్ళు దిగి తుప్పు తప్ప ఏమీ మిగల్లేదు. కొన్నిటి వెనక మేకలున్నాయి, పట్టాలున్నాయి, నా చేతులున్నాయి. వాడు లేడు.

ఊరి చివర లారీలు ఆగే చోట ఒక బండల దుకాణం ఉంది. మేము పోయేసరికి సేటు బోర్డును కింద బండల మీద బోర్లించి, అంగీ చేతులు మడిచి, తానే కుంచె పట్టుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి లేచి దండం పెట్టాడు.

"రాండ్రి అవ్వా, రాండ్రి. మీరొస్తున్నరని తెల్సింది. బోర్డు గలీజుగుంటె మీ పాణం చిన్నబోతదని, దుమ్ము దులిపి కొత్త రంగు కొడుతున్న. ముందర పేరు ముట్టలే. ఎనకాల గింత మిగిలింది, జరసేపు కూసోండ్రి."

ఉస్తాద్ "అరే రోకో!" అని ఒక్క అరుపు అరిచాడు. సేటు చేతిలో కుంచె ఆగిపోయింది.

బోర్డు పై సగం తడి ఎరుపు. కింది సగంలో బొమ్మ. మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న మనిషి. ముందు తళ్ళెం, అందులో పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ ముక్క. కుడిచేతి గోళ్ళ సందున రంగు మరకలు. ఆ చెయ్యి రొట్టె ముక్క తుంచి పైకి ఎత్తుతున్నది. మణికట్టు దాకా ఉంది. దానిపైన ఎరుపు.

నేను ఆ చేతిని గుర్తుపట్టాను. బొటనవేలి పక్కన రేకు కోసుకున్న మచ్చ కూడా వేసుకున్నాడు.

సేటుకు సంగతి చెబితే తల పట్టుకుని కూర్చున్నాడు. నేను ఆయన ముందు చతికిలబడ్డాను. ఆ ముఖాన్ని ఆఖరున చూసింది ఆయనే కదా.

"ఎట్లుండె నాయనా? మొఖం ఎట్లుండె?"

"నవ్వుతుండె అవ్వా."

"గడ్డముండెనా?"

"జరంత. మాసిన గడ్డం."

"కండ్లు ఎటు చూస్తుండె? గోడ దిక్కా?"

సేటు కళ్ళు తుడుచుకున్నాడు. "లేదవ్వా. ఎదురుంగ. ఎవలో ముంగట కూసున్నట్టు, వాళ్ళ దిక్కే చూస్తుండె. బుగ్గల బుక్క ఉండె. నమిలెటోని లెక్కనే ఏసిండు. బోర్డు పని మా గుమస్తా చేయించిండు, పెయింటరును నేను చూడలే, ఎవలో రొట్టె తినెటోడనుకున్న. మన్నించు."

ఆయన తప్పేముంది? మా కోసమే కొట్టాడు. ఉస్తాద్ కిరోసిన్‌లో గుడ్డ ముంచి ఎరుపు అంచున రుద్దాడు. గుడ్డకు ఎరుపు వచ్చింది. ఇంకోసారి రుద్దితే ఎరుపుతో పాటు చామనచాయ రంగు వచ్చింది. అది నా కొడుకు మెడ రంగు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"వద్దన్నా. ఆపు."

"ఇంకో పారి చూస్త చెల్లె. మెల్లగ..."

"వద్దు. లోపట ఉన్నడు గదా. ఉండనియ్యి. తుడిస్తె అది గూడ పోతది."

సేటు ఆ బోర్డును తానే మోసుకుని స్టేషనుకు వచ్చి బండి ఎక్కించాడు. తన దుకాణానికి పేరు లేకున్నా ఫరవాలేదన్నాడు. ఇప్పుడది మా ఇంట్లో పొయ్యికి ఎదురు గోడకు ఉంది, వాడి వైపు బయటికి తిప్పి. నేను అవతలి గోడకు ఆనుకుని చూస్తాను. దూరం జరిగితే ముఖం వస్తుందేమోనని. ఎరుపే కనబడుతుంది. ఒక్కోసారి దాని మీద కొంచెం ఉబ్బుగా, బుగ్గ ఉండాల్సిన చోట, వెలుగు తగులుతుంది. నేను లేచి దగ్గరికి పోను.

ఇది చదివేవాళ్ళలో ఎవరి దుకాణానికైనా వాడు రాసిన బోర్డు ఉంటే, రంగు కొట్టే ముందు, పాత రేకుల కింద వేసే ముందు, ఒక్కసారి తిప్పి చూడండి. అద్దంలో చూసి ఇంకో బొమ్మ వేసుకున్నాడేమో. ఉంటే ఈ పత్రిక సారుకు ఒక మాట చెప్పండి, నేను వచ్చి చూసి పోతాను. మీ బోర్డు అడగను.

మధ్యాహ్నం రొట్టెలు చేస్తూ తల ఎత్తితే ఆ చెయ్యి కనబడుతుంది. బుక్క పట్టుకుని అట్లనే పైకి ఎత్తి ఉంటుంది. అందులో రొట్టె ఆరిపోదు, నోరు దొరకదు. నాకు చూడబుద్ధవుతుంది, చూడలేను.

మీకు పని ఉంటుంది. పని ఎక్కడికీ పోదు. ఈ కాగితం పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కడుపు నిండా తినండి.